ఒక్క వేటు కత్తి

అరటిబోదె రెండు ముక్కలై నేలమీద పడింది. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో గుమిగూడిన మగవాళ్లంతా ఈలలు వేశారు. కత్తి పట్టుకున్న గణపతి వాళ్లవైపు చూడలేదు. వెనక్కి తిరిగి, వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న మేనమామ వైపు చూశాడు.

ఈశ్వరరావు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకోసాగాడు. అద్దాలకు మచ్చేమీ లేదు. మేనల్లుడు తనవైపు అలా చూసినప్పుడల్లా ఆయన చేతులకు ఏదో ఒక పని దొరుకుతుంది.

"అరటిబోదె తెగిందట," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ చెల్లెలితో, జాగాలో ఉన్నవాళ్లకు కూడా వినబడేట్టు. "దవ్వకూర వండినప్పుడల్లా నువ్వూ కోస్తావు. నీకు ఎవుడైనా ఈలేసినాడేటి, సింహాచలం?"

కొందరు నవ్వారు. గణపతి కత్తి దించేశాడు. సింహాచలమ్మ లోపలికి పోయింది. ఆమెకు భర్త పోయి పద్దెనిమిదేళ్లయింది. ఆరేళ్ల పిల్లవాణ్ని తీసుకుని పెళ్లిపెటాకులు లేని అన్న పంచన చేరినప్పటి నుంచీ ఆ ఇంటి తిండి ఎంత కడుపునిండా తిన్నదో, ఆ నోటి మాటలూ అంతే కడుపునిండా తిన్నది.

ఈశ్వరరావు రైల్వే వర్క్‌షాపులో టూల్‌రూమ్ ఎగ్జామినరు. తయారైన పనిముట్లు ఆయన బల్ల మీదికి వస్తాయి. కొలత కుదరనివాటి మీద ఎర్రరంగు గీత గీసి పక్కకు తోస్తాడు. కుదిరినవాటి మీద ఏమీ గీయడు. అవి వాటంతట అవే వెళ్లిపోతాయి. ఇరవై ఏళ్లుగా అదే పని. షాపులో తెలుగువాళ్లూ బెంగాలీలూ కలిసి ఆయనకు పెట్టిన పేరు రిజెక్టు బాబు. ఆ పేరు తనకు తెలియదని వాళ్లు అనుకుంటారు. తెలిసినా బాధలేదని ఆయన అనుకుంటాడు. ఆ రెండింటిలో ఏది ఎక్కువ అబద్ధమో తేల్చుకునే ప్రయత్నం మాత్రం చేయలేదు.

ఆ కత్తి అప్పలస్వామి కొట్టింది. అప్పలస్వామి కమ్మరి షాపులో సమ్మెట మనిషి. పొట్టిగా, గుండ్రంగా, గొంతు పెగలనట్టు మెల్లగా మాట్లాడతాడు. విరిగిన వేగన్ స్ప్రింగు పట్టీని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మోచేతి నుంచి వేళ్ల చివర దాకా ఉండే పొడవున, నడిమివేలు మందాన తీర్చాడు. దానికి టేకు పిడి, సమ్మెట కర్రలా గుండ్రంగా చెక్కింది. ఎత్తి పట్టుకుంటే మణికట్టు దానంతట అదే కిందికి జారుతుంది. ఊళ్లో తెలుగువాళ్లంతా దాన్ని చూసి, ఇదీ కత్తంటే, అన్నారు.

అనక ఏం చేస్తారు? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి ఈ బెంగాలు గడ్డమీద రైలింజన్లు బాగుచేస్తూ మూడు తరాలుగా బతుకుతున్నవాళ్లకు పెద్ద కత్తికి ఒకటే కొలత. మాతాపూజలో అమ్మవారి ముందు పోతును నిలబెడితే ఒక్క వేటుకు తల తెగాలి. రెండో వేటు పడిందా, ఆ ఏడు ఊరికి మంచిది కాదు. కొట్టినవాడికీ మంచిది కాదు. కత్తి చేసిన కమ్మరికైతే వచ్చే ఏడు పిలుపే ఉండదు. అప్పలస్వామికి ఏ ఏడూ పిలుపు తప్పలేదు. అతని విద్యంతా ఆ ఒక్క వేటులో ఉంది. ఆ ఒక్క వేటుకు కావలసిన బరువు, ఆ బరువుకు కావలసిన మందం, తలపైకి ఎత్తి దించడానికి కావలసిన గుండ్రటి పిడి.

గణపతి వెళ్లేది పోతును కొట్టడానికి కాదు. బస్తర్ అడవుల్లో కొత్త రైలుదారి సర్వేకు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నుంచి గణపతితో కలిపి అయిదుగురు ఖలాసీలు వెళుతున్నారు. ఇంజనీరు దుర్భిణీలో ఈ గుట్టమీది నుంచి ఆ గుట్టమీది జెండా కనిపించాలంటే మధ్యలో ఉన్న కొమ్మా రెమ్మా నరకాలి. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా అదే పని. రాత్రికి గుడారం వేయాలన్నా, వంటకు పుల్లలు కావాలన్నా, వాగు దాటడానికి నాలుగు వెదుళ్లు కావాలన్నా చేతిలో ఉన్న ఆ ఒక్క కత్తే దిక్కు. అక్కడ కావలసింది ఒక్క వేటు కాదు, రోజుకు వెయ్యి వేట్లు. అదీ ఆఖరి వేటు మొదటి వేటంత తిన్నగా పడాలి.

పడకపోతే ఏమవుతుందో చూడటానికి ఊళ్లోని ఇందా బజారు దాకా వెళితే చాలు. కిందటేడు ఇదే పనికి వెళ్లిన దేముడనే ఖలాసీ అక్కడ గోడకానుకుని బీడీలు అమ్ముకుంటూ ఉంటాడు. సాయంత్రం పూట అలసిన చేతిలో కత్తి పక్కకు తిరిగి మోకాలి కింద దిగింది. అడవిలోంచి బండిమీద, బండిలోంచి లారీమీద, లారీలోంచి రైల్లో ఆస్పత్రికి చేరేసరికి కాలు నల్లబడింది. మోకాలి పైకి తీసేశారు. ఆ కత్తి కూడా అప్పలస్వామి కొట్టిందే. కత్తి మంచిదే, చెయ్యే తప్పిందన్నారు అందరూ. దేముడు కూడా అదే అన్నాడు. ఈశ్వరరావు అప్పుడు వెళ్లి పలకరించలేదు. ఆ కత్తి ఎక్కడుందని అడిగాడు. దాంతో దేముడి పెళ్లాం ఆయన మొహం మీదే తలుపు వేసింది.

ఇప్పుడు అలాంటి కత్తే గణపతి చేతిలో ఉంది. వచ్చే సోమవారం ప్రయాణం.

ఈశ్వరరావు గదిలో మరో కత్తి ఉంది. గోల్‌బజార్‌లో మిలిటరీ డిస్పోజల్ సామాన్లమ్మే దుకాణంలో కొన్నాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో ఊరి అవతల సాలువా దగ్గర దిగిన అమెరికా విమానాలవాళ్లది. విమానం అడవిలో కూలితే బతికి బయటపడటానికని వాళ్లకు ఇచ్చిన కత్తి. గణపతిదానికన్నా చిన్నగా, పల్చగా, వంచితే వంగి, వదిలితే నిలబడుతుంది. పిడి చేతి గుప్పిటకు తగ్గట్టు కోలగా ఉండి, చివర చిలకముక్కులా వంగింది, చెమటపట్టినా జారకుండా. ఈశ్వరరావు దానికి కిరసనాయిలు పెట్టి తుప్పు వదలగొట్టి పదును పెట్టాడు. దానిమీద కూడా ఆయనకు గౌరవమేమీ లేదు. మబ్బు పడితే తుప్పు పట్టే రకం ఇనుము, పిడి చూస్తే దువ్వెనలు చేసే నల్లరబ్బరు. అయినా వెయ్యి వేట్లు వేస్తుంది.

ఆ మాట వాడికి చెప్పడమెలాగన్నదే ఆయనకు తెలియలేదు. మొదటిసారి దాన్ని వాడి ముందు పెట్టినప్పుడు, "ఇది కత్తి. నీ చేతిలోది రైలు ప్రమాదం," అన్నాడు. వాడు దాన్ని ముట్టుకోకుండానే లేచిపోయాడు.

ప్రయాణం ఇంకా ఎనిమిది రోజులుందనగా, ఆదివారం పొద్దున్నే ఇద్దరూ సైకిళ్ల మీద సాలువా వైపు వెళ్లారు. తాను పరీక్షించకుండా ఆ ఇనుపముద్ద ఇల్లు కదలడానికి వీల్లేదని ఈశ్వరరావు పట్టుపట్టాడు. సింహాచలమ్మ కొడుకును పక్కకు పిలిచి, ఆయన మాట కాదనకు, అంది. గోనెసంచిలో చుట్టిన రెండు కత్తులూ గణపతి సైకిలు వెనకాల కట్టి ఉన్నాయి. పోలీసు క్యాంపు దాటాక పాత రన్‌వే, దాని పక్కన కూలిన సిమెంటు గోడలు, వాటి వెనక ముళ్లపొదలు, సాలు చెట్ల మోడులనుంచి లేచిన కొత్త కొమ్మలు, మధ్య మధ్య వెదురు గుబుర్లు.

ఈశ్వరరావు ఒక గోడ నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. అవతల కనిపించే ఎర్రమట్టి గట్టు దాకా దారి నరకమన్నాడు. ఆపకుండా.

గణపతి బలమైనవాడు. మొదటి వేట్లు చూడముచ్చటగా పడ్డాయి. చేతిమందం కొమ్మలు ఒక్క దెబ్బకు ఎగిరిపోతున్నాయి. మామూలు మనిషెవడైనా చూసి మెచ్చుకునేవాడు. ఈశ్వరరావు లెక్కపెడుతున్నట్టు కళ్లు సగం మూసి చూస్తున్నాడు. పొదల్లో సన్నటి తీగలున్న చోట ఆ కత్తి ఎందుకూ కొరగాలేదు. బరువుకు తీగ వంగి పక్కకు పోయి, మళ్లీ వచ్చి వాడి మొహానికి తగులుతోంది. దోమను రోకలితో కొట్టినట్టుంది, అనుకున్నాడు. అనుకున్నది పైకే అన్నాడు.

గణపతి విననట్టు నరుకుతూ పోయాడు. వెదురు గుబురు దగ్గరికి వచ్చేసరికి మోచేయి కిందికి వాలింది. మందపాటి కత్తి పచ్చివెదురులో మేకులా ఇరుక్కుపోయింది. కాలు తన్నిపట్టి రెండు చేతులా లాగితే గానీ ఊడి రాలేదు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఇరుక్కుంది. గుండ్రటి పిడి చెమటకు గుప్పిట్లో తిరుగుతోంది. పదును ఎటుందో చేతికి తెలియడం లేదు. రెండుసార్లు కత్తి చదునుగా పడి చప్పుడు మాత్రం చేసింది.

తరవాతి వేటు సాలు మోడు మీద జారింది.

ఈశ్వరరావు చూశాడు. కత్తి మోడు మీది నుంచి పక్కకు తిరిగి, వాడి మోకాలి కింద నుంచి పోయింది. ప్యాంటు గుడ్డ జానెడు చీలి వేలాడింది. రక్తం రాలేదు. ఆ ఒక్క క్షణంలో ఈశ్వరరావుకు వాడు ఇందా బజారులో గోడకానుకుని కూర్చున్నట్టు, ముందర బీడీకట్టలు పెట్టుకున్నట్టు, తాను అటువైపు వెళ్లకుండా వేరే సందులోంచి తిరిగి పోతున్నట్టు కనిపించింది. లేవబోయాడు. కాళ్లు లేవలేదు. నోరు మాత్రం లేచింది.

"కాలు ఉంచుకోరా. పెళ్లిచూపుల్లో అడుగుతారు."

గణపతి మామవైపు తిరిగాడు. వాడి పెదవులు పాలిపోయాయి. వాడూ భయపడ్డాడని ఆయనకు అర్థమయింది. ఇప్పుడు ఒక్క మాట, మామూలు మాట, రేషన్ షాపులో పక్కవాడితో అనే మాట అంటే చాలు, వాడు ఆ కత్తి కింద పెట్టేస్తాడు. అదీ అర్థమయింది. గొంతులో వెతికాడు. ఇరవై ఏళ్లుగా వాడనిది ఏదైనా ఎక్కడ పెట్టామో చటుక్కున గుర్తుకు వస్తుందా? వాడు ఇంకాసేపు చూసి, అటు తిరిగి, ఇంతకు ముందుకంటే గట్టిగా నరకడం మొదలుపెట్టాడు.

గట్టు చేరాక ఆయన వెనకాలే నడిచి వచ్చి రెండో కత్తి ఇచ్చాడు. దీంతో తిరిగి రమ్మన్నాడు, ఇంకో పక్క నుంచి. గణపతి దాన్ని చీపురు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అయిష్టంగా నాలుగు వేట్లు వేశాడు. అయిదో వేటుకు కత్తి కిందికి పోయి, దానంతట అదే పైకి వచ్చింది. తీగలు తెగి పడ్డాయి. ఆరు, ఏడు. వాడి మణికట్టు ఆ పని మెచ్చుకుంటోందని ఈశ్వరరావు కంటికి తెలిసిపోయింది. భుజం తగ్గింది, ఊపిరి నిమ్మళించింది, వాడి మొహంలో చిన్న ఆశ్చర్యం కూడా వచ్చింది. అంతలో, మామ చూస్తున్నాడన్న సంగతి వాడికి గుర్తొచ్చింది. వెంటనే చెయ్యి మొద్దుబారిపోయింది. కావాలని వంకరగా నాలుగు దెబ్బలు కొట్టి, "రేకుముక్క," అని మామ ముందు పారేశాడు.

తిరుగుదారిలో ఈశ్వరరావు వెనక ఉన్నాడు. గణపతి సైకిలు హ్యాండిలు వేళ్ల చివరలతో పట్టుకున్నాడు. అరచేతులు ఆనించడం లేదు. ఇంటి దగ్గర గోనెసంచి విప్పినప్పుడు పెద్దకత్తి పిడి మీద తడి ఆరని రక్తపు మరకలున్నాయి. గణపతి వాటిని తల్లి చూడకుండా తుడిచేశాడు. మామ చూడకుండా కూడా తుడిచానని అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఈశ్వరరావు గదిలో పడుకుని ఆలోచించాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో మనస్తత్వశాస్త్రం పుస్తకాలు నాలుగైదు చదివిన మనిషి. చదివినందువల్ల తనకేమీ ఒరగలేదు గానీ, ఎదుటివాళ్ల బుర్రలు మాత్రం గాజు సీసాల్లా కనబడుతున్నాయని ఆయన నమ్మకం. గణపతి బుర్ర కూడా అంతే. వీడు ఆ కత్తిని ప్రేమించడం లేదు. వీడి చేతులు చీరుకుపోయాయి, భయపడ్డాడు, చిన్నకత్తి మంచిదని తెలుసుకున్నాడు. అయినా పెద్దకత్తినే తీసుకెళతాడు, ఎందుకంటే నేను వద్దంటున్నాను గనక. నేను ఎడమంటే వీడు కుడి. సర్వేకు పేరిచ్చింది కూడా అందుకే. బస్తర్ అయితే నా గొంతు వినబడదు. ఎదురుతిరగడం తప్ప వీడికి వేరే ఇష్టమేమీ లేదు. కాబట్టి ఎదురు తిరగడానికి ఏమీ లేకుండా చేస్తే సరి.

ఆలోచన తనకే ముచ్చటేసింది. ఇంత తేలికైనదాన్ని ఇన్నేళ్లు చూడలేదేమని తనమీద తనకే చులకన కలిగింది. ఆ చులకన కూడా హాయిగానే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర, పప్పు వడ్డించుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "కత్తి బాగుంది. దాన్నే తీసుకెళ్లు."

సింహాచలమ్మ చేతిలో గరిటె ఆగింది. గణపతి నోట్లో ముద్ద అలాగే ఉంది.

"ఏటన్నావు మావా?"

"పెద్దకత్తి. పొద్దున చూసినాను గదా. అప్పలస్వామి మంచిగా చేసినాడు. నువ్వూ మంచిగా కొట్టినావు."

ఇంతదాకా అనాలని ఆయన అనుకోలేదు. ఆఖరి మాట ఎలా వచ్చిందో తెలియదు. అన్నాక, ఇక వాడు అనుమానపడతాడు, మొహం చిట్లించుకుంటాడు, రేపు పొద్దుటికి చిన్నకత్తిని దొంగతనంగా సంచిలో పెట్టుకుంటాడు, అని ఎదురుచూశాడు.

గణపతి ముద్ద మింగాడు. తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై నాలుగేళ్ల వాడు, గడ్డం గీసుకునే వాడు, కంచంలో మెతుకులు ఒకచోటికి చేరుస్తూ, చేర్చినవి మళ్లీ చెదరగొడుతూ కూర్చున్నాడు. ఆరో ఏట ఈ ఇంటికి వచ్చినప్పుడు ఎలా కూర్చున్నాడో అలాగే. కాసేపటికి, "సరే మావా," అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. వీధిలో వాడు ఈల వేస్తున్నట్టు వినిపించింది.

సింహాచలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఈశ్వరరావు ఆమెను కసిరాడు. అన్నం చల్లారిపోయిందన్నాడు.

మరునాటికి ఆ మాట ఊరంతా పాకింది. రిజెక్టు బాబు పాసు చేశాడు. ఇరవై ఏళ్లలో దేన్నీ బాగుందనని మనిషి బాగుందన్నాడు. అందరినీ మెచ్చుకునేవాడి మెప్పు కిందపడ్డా తీసుకునేవాడుండడు. ఈయన మెప్పు అలాంటిది కాదు. సర్వేకు వెళుతున్న మిగతా నలుగురూ మధ్యాహ్నం సైరనయ్యేసరికి అప్పలస్వామి దగ్గరికి పోయారు. వాళ్లలో ఇద్దరు అంతకు ముందు బజారులో తేలిక కత్తులు కొనుక్కున్నారు. అవి ఇళ్లలో కూరగాయలకని ఇచ్చేశారు. శనివారానికల్లా నాలుగు కత్తులు కావాలన్నారు, అచ్చం గణపతిదానిలాంటివి.

సాయంత్రం అప్పలస్వామి మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. వరండా మెట్టు మీద కూర్చుని కాసేపు తన చేతులు తానే చూసుకున్నాడు.

"బాబూ, నా సామాను మీ బల్ల మీదికొస్తే ఎర్రగీత పడకుండా పోనాది నేదు," అన్నాడు. "మా ఆడది అంటాది, ఆ బాబుకి నువ్వంటే కోపమేటని. కోపం కాదే, నా పనిలోనే ఏటో తక్కువున్నాదని సెప్పుకొచ్చినాను. ఇన్నాళ్లకి..."

ఈశ్వరరావు పొట్లం అందుకుని, మిఠాయి మీద ఈగలు వాలాయేమో చూశాడు. వాలలేదు. ఇంకేదైనా లోపం దొరుకుతుందేమోనని చూశాడు.

అప్పలస్వామి వెళ్లిపోయాక ఆయన పొట్లం కుర్చీ పక్కన పెట్టాడు. ఒక కాలును కాపాడబోయి పది కాళ్లను కత్తుల ముందు పెట్టాను. ఎంత తెలివి. ఎదుటివాడి బుర్ర గాజుసీసాట. అందులో కనిపించిందంతా గాజుమీది తన మొహమే. వాడికి ఎదురుతిరగడమే ఇష్టమని ఎవరు చెప్పారు? పద్దెనిమిదేళ్లుగా వాడు నరికిన కట్టె, రాసిన పరీక్ష, కొట్టిన బంతి, ప్రతిదాని తరవాతా వెనక్కి తిరిగి వరండావైపు చూస్తూనే ఉన్నాడు కదా. ఆ చూపులో ఏమి అడుగుతున్నాడో తెలియకేనా, తాను కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చింది?

ఇప్పుడు నిజం చెప్పాలి. చెబితే, వాడికి జీవితంలో తన నోటినుంచి దక్కిన ఒక్క మంచిమాటను వెనక్కి లాక్కోవాలి. చెప్పకపోతే మోకాలి కింద కత్తి. ఇందులో తూచడానికేముంది, అనుకున్నాడు. అనుకుని రెండు రోజులు ఊరుకున్నాడు. ఆ రెండు రోజులూ గణపతి ఇంట్లో తిరిగిన తీరు వేరు. బావిలో నీళ్లు తోడి మామకు స్నానానికి పెట్టాడు. అడగకుండానే వర్క్‌షాపు కబుర్లు చెప్పాడు. ఆ ఇల్లు ఇలా ఉండగలదని ఈశ్వరరావుకు తెలియదు. ఈ రుచి మరిగినందుకు తనను తాను అసహ్యించుకున్నాడు. అసహ్యించుకుంటూనే ఇంకో రోజు గడిపాడు.

శుక్రవారం పొద్దుపోతుండగా గణపతి వరండాలో కూర్చుని ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు. పెద్దకత్తికి కాన్వాసు ఒర కుడుతున్నాడు. దబ్బనం గుచ్చినప్పుడల్లా అరచెయ్యి ముడుచుకుంటోంది.

"ఆ కత్తి పనికిరాదు," అన్నాడు ఈశ్వరరావు.

దబ్బనం ఆగింది.

"నాను అబద్ధం చెప్పినాను. బాగుందంటే నువ్వు ఒగ్గేస్తావనుకున్నాను."

గణపతి తల ఎత్తలేదు. "తెలుసు మావా," అన్నాడు.

"ఏటి తెలుసు?"

"కత్తి మంచిది కాదని. నా సేతులకి తెల్దేటి?"

"తెలిసి తీసుకెల్తన్నావా? బుద్ధుందా నీకు?"

ఆ మాట అలవాటుగా వచ్చేసింది. గణపతి ఈసారి తల ఎత్తాడు. మామ మొహంలోకి తిన్నగా చూశాడు. కోపం లేదు. జాలి ఉందేమోనని ఈశ్వరరావు భయపడ్డాడు, అదీ లేదు.

"నువ్వు బాగుందన్నావు గదా," అన్నాడు.

ఈశ్వరరావు చెయ్యి కళ్లజోడు మీదికి పోయింది. దాన్ని అక్కడే ఆపాడు. ఇద్దరి మధ్యా కాన్వాసు గుడ్డ, దారపు ఉండ, కత్తి ఉన్నాయి. గణపతి కుట్టిన దారం తెంపేశాడు. లోపలికి వెళ్లి మామ గదిలోంచి చిన్నకత్తి తెచ్చాడు. దాన్ని ఒరమీద పెట్టి, గుడ్డ ఎంత మడవాలో చూసుకుని, మళ్లీ మొదటి నుంచి కుట్టడం మొదలుపెట్టాడు. మెచ్చుకున్నట్టూ లేదు, ఓడిపోయినట్టూ లేదు. ఒక పని చేస్తున్నట్టుంది.

"ఆ నలుగురికీ నువ్వే సెప్పు," అన్నాడు కుడుతూ. "నాను సెప్తే, మాయగాడా, నీకొక్కడికే పాసా అంటారు."

అప్పలస్వామి ఇంటి వెనక పాకలో కొలిమి వెలుగుతోంది. నాలుగు కత్తులూ గోడకు ఆనించి ఉన్నాయి, పిడులతో సహా. ఈశ్వరరావును చూసి అప్పలస్వామి పెళ్లాం పీట తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. ఆయన కూర్చోలేదు. దారిపొడవునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ మిగలలేదు. ఇరవై ఏళ్లుగా ఏ ప్రయాసా లేకుండా, తాంబూలం ఉమ్మినంత తేలిగ్గా వచ్చిన మాట ఇప్పుడు కష్టపడి బయటికి తీయవలసి వచ్చింది.

"ఈ కత్తులు పనికిరావు, అప్పలస్వామీ."

అప్పలస్వామి పెద్దగా నవ్వాడు. "అద్దీ," అన్నాడు పెళ్లాంతో. "నాలుగు రోజులు జొరమొచ్చింది బాబుకి. ఇప్పుడు తగ్గింది."

ఆమె కూడా నవ్వింది. ఈశ్వరరావు నవ్వు అయిపోయేదాకా నిలబడ్డాడు. తనమీద తానే ఎర్రగీత గీసుకుని పక్కకు తోసుకున్న మనిషి మాటకు ఇంతకన్నా విలువ ఎవడిస్తాడు? తిరిగి వెళ్లిపోవచ్చు. చెప్పాను, వినలేదు, అనుకోవచ్చు. అలాంటి వెళ్లిపోవడాలు ఆయన జీవితం నిండా ఉన్నాయి.

ఆయన పీట మీద కూర్చున్నాడు.

"గణపతి అరచేతులు ఊడిపోయినాయి," అన్నాడు. "మోడుమీద జారి కాలికి తగలబోయింది. నా కళ్ల ముందర. అయినా బాగుందని చెప్పినాను. నా తప్పు, నీది కాదు. నీది అమ్మవారి కత్తి. అడివికి అది కాదు." ఆగాడు. తరవాతి మాట కోసం చాలా దూరం వెళ్లవలసి వచ్చింది. "నిన్ను బతిమాలుకుంటున్నాను. వీటి బరువు తగ్గించు."

అప్పలస్వామి మొహంలో నవ్వు ఒక్కొక్క చోటే ఆరింది. అతను గోడ దగ్గరికి వెళ్లి ఒక కత్తి తీసుకున్నాడు. చేత్తో ఎగరేసి పట్టుకున్నాడు. వెనకవైపు మందాన్ని బొటనవేలితో తడిమాడు. దేముడి పేరు ఎవరూ ఎత్తలేదు, కానీ అప్పలస్వామి పెళ్లాం లోపలికి వెళ్లిపోయింది. అతను కత్తిని మళ్లీ గోడకు ఆనించాడు. తిరిగినప్పుడు అతని గొంతు ఎప్పటికంటే మెల్లగా ఉంది.

"ఎంత తియ్యమంటారు బాబూ?"

ఈశ్వరరావు నోరు తెరిచాడు. వీపు మందం ఎంత ఉండాలి? పిడి ఎంత కోలగా ఉండాలి? బరువు మొనవైపు ఎంత, చేతివైపు ఎంత? ఇన్నేళ్లూ బల్లమీదికి వచ్చిన వస్తువును చూసి ఇది కాదు అని చెప్పడమే గానీ, ఏది అవుతుందో చెప్పమని ఆయన్ను ఎవరూ అడగలేదు. అడగనిస్తే కదా. అమెరికావాడి కత్తిని పరీక్షించాడు, అప్పలస్వామి కత్తిని పరీక్షించాడు, రెండింటికీ వంకలు పెట్టాడు. రెండింటిలో దేన్నీ తన చేత్తో పట్టుకుని ఒక్క కొమ్మ నరకలేదు.

అప్పలస్వామి ఎదురుచూస్తున్నాడు. కొలిమిలో బొగ్గులు సన్నగా చిటపటలాడుతున్నాయి.

"నాకు తెల్దు," అన్నాడు ఈశ్వరరావు. "ఉండు. గణపతిని తీసుకొస్తాను."

లేచి, చెప్పులు వేసుకుని, వీధిలోకి నడిచాడు.